పేరు చెప్పండి

ఆ రోజు నన్ను పేరు అడిగినవాళ్లు ఏడుగురు. కౌంటరులో ఫైలు తీసిన అమ్మాయి, వార్డులో బీపీ చూసిన సిస్టరు, మణికట్టుకి ప్లాస్టిక్ పట్టీ కట్టినావిడ, స్ట్రెచరు తోసుకొచ్చిన కుర్రాడు, థియేటరు గుమ్మంలో ఫైలు అందుకున్న నర్సు, మత్తు డాక్టరమ్మ, ఆఖర్న సర్జనుగారు. చేతికి పట్టీ ఉంది, పట్టీ మీద పేరుంది, అయినా ఎవరూ దాన్ని చూసి సరిపెట్టుకోలేదు. "పేరు చెప్పండి" అనే అన్నారు. "మీరు ఫలానాయేనా?" అని ఒక్కరూ అనలేదు, అది గమనించాను. అలా అడిగితే భయంలో ఉన్నవాడు ఎవరి పేరుకైనా ఊఁ కొడతాడు.

ఎనిమిదోసారి కూడా అడిగారట. జవాబు కూడా చెప్పానట. నాకు తెలీదు. నా గొడవంతా ఆ ఎనిమిదో జవాబు గురించే.

మా ఆవిడకి ఈ అడగడాలు నచ్చలేదు. "ఇన్నిసార్లు అడుగుతున్నారంటే మనమెవరమో వీళ్లకి గుర్తుండట్లేదన్నమాట. కడుపు బదులు మోకాలు కోసేస్తే ఏం చేస్తారు?" అంది. అలా కోయకుండా ఉండడానికే అడుగుతున్నారే అన్నాను. నాకిది కొత్త కాదు. 34 ఏళ్లు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేశాను, ఎక్కువకాలం సామర్లకోటకీ తునికీ మధ్య చిన్న స్టేషన్లలో. పక్క స్టేషనుకి లైన్ క్లియర్ ఇవ్వాలంటే ఫోన్లో "సరే, పంపించు" అంటే చాలదు. ప్రైవేటు నంబరు చెప్పాలి. రెండంకెలు. షీటు మీద వరసగా ఉంటాయి, ఒకటి వాడగానే కొట్టెయ్యాలి, ఇద్దరం రాసుకోవాలి. అవతలివాడు ఇరవయ్యేళ్లుగా తెలిసినవాడే కావచ్చు, మన పిల్లల పెళ్లికి వచ్చి భోంచేసి వెళ్లినవాడే కావచ్చు. గొంతు గుర్తుపట్టి బండి వదిలితే మాత్రం ఉద్యోగం పోతుంది, ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. ఆపరేషన్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక చెక్‌లిస్టు తెచ్చింది. మొత్తం 19 అంశాలు: మత్తుకి ముందు కొన్ని, కోతకి ముందు కొన్ని, రోగిని థియేటర్లోంచి బయటికి తేకముందు కొన్ని. పేరేమిటి, ఏ ఆపరేషను, ఒంట్లో ఏ చోట అని చేస్తున్న పని ఆపి అందరూ వినేట్టు పైకి చదవడం అందులోదే. అది చూసినప్పుడు మా ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరెవరో రాసిచ్చినట్టే అనిపించింది.

జబ్బు పెద్దదేం కాదు. గాల్ బ్లాడర్లో రాళ్లు. తోడల్లుడి మనవరాలి పెళ్లిలో గారెలు లెక్క లేకుండా తిన్న రాత్రి డొక్కలో పట్టుకుంది, భుజం దాకా లాగింది, గుండెనొప్పేమో అనుకుని హడావిడి పడ్డాం. స్కానులో రాళ్లు తేలాయి. కాకినాడలో ఆపరేషను, పొట్ట మీద నాలుగు చిల్లులు, మర్నాడు ఇంటికి. మా ఆవిడ పంచాంగం తీసింది, కానీ సర్జనుగారు కోసేది మంగళవారం, శుక్రవారం మాత్రమే కాబట్టి తిథి తగ్గి కూర్చుంది.

ఆపరేషనుకి రెండ్రోజుల ముందు మత్తు డాక్టరు దగ్గరికి పంపారు. సర్జను చెయ్యి మంచిదా కాదా అని ఊరంతా వాకబు చేస్తాం గానీ ఈ మనిషి గురించి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు, ఇదొక సంతకం కాబోలనుకున్నాను. నలభై దాటినావిడ. నోరు బాగా తెరవమంది, నాలుక చాపమంది, టార్చి వేసి చూసింది. మెడ వెనక్కి వంచమంది. కదిలే పళ్లున్నాయా, కట్టుడు పళ్లున్నాయా అంది. రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలరా? గురక పెడతారా? (దీనికి మా ఆవిడ జవాబు చెప్పింది, కావలసినదానికంటే వివరంగా.) ఇంతకుముందు ఎప్పుడైనా మత్తు తీసుకున్నారా, మీ ఇంట్లో ఎవరికైనా మత్తు పడక ఇబ్బందైందా? బీపీ మాత్ర ఆ పొద్దున్న కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంది, షుగరు మాత్ర మానెయ్యమంది. రాత్రి పదింటి తరవాత తిండి వద్దు, మంచినీళ్లు మాత్రం పొద్దున్న ఆరింటిదాకా పర్లేదంది. "ఇంకేమన్నా అడగాలా మాస్టారూ?" అంది.

అడిగాను. "మత్తులో ఉన్నంతసేపూ నేనెక్కడుంటానమ్మా?"

"టేబుల్ మీదే ఉంటారండీ," అని నవ్వింది. "నేను మీ తల దగ్గర కూర్చుంటాను. ఎక్కడికీ వెళ్లను."

సరదాకి అడిగింది కాదు. రిటైరయ్యాక ఆదివారం సాయంత్రాలు మా వీధి చివర రామాలయం వెనక గదిలో ఉపనిషత్తుల పాఠానికి వెళ్తున్నాను. చెప్పేది హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన మా పంతులుగారు. వినేది ఎనిమిదిమందిమి, వానాకాలం అయితే నలుగురం. మాండూక్యానికి ఉన్నవి 12 మంత్రాలే, మాకు రెండేళ్లు పట్టింది. మెలకువ, కల, గాఢనిద్ర, ఈ మూడింటినీ దాటిన నాలుగోది. అందులో గాఢనిద్ర దగ్గర పంతులుగారు ఎప్పుడూ ఆగేవారు. నిద్ర లేచినవాడు "హాయిగా పడుకున్నాను, ఒళ్లే తెలీలేదు" అంటాడు కదా. ఒళ్లు తెలీకపోతే హాయిగా ఉన్నట్టు ఎవరు చెప్పారు? అనుభవించనిదాన్ని ఎవరూ గుర్తుతెచ్చుకోలేరు. కాబట్టి మనసు పడుకున్నా పడుకోనిదొకటి అక్కడ ఉండి అంతా చూసింది. అదే సాక్షి. చెప్పి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. మా అందరికీ బావుండేది. రాత్రి డ్యూటీలు చేసినవాణ్ణి కదా, అందరూ పడుకున్నాక ఒకడు మేలుకుని ఉంటాడంటే నాకు మరీ నచ్చేది.

దీన్ని తర్కం చెప్పే న్యాయశాస్త్రం వాళ్లు ఒప్పుకోరని కూడా ఆయనే చెప్పారు, కాస్త తొందరగా. అది జ్ఞాపకం కాదు, ఊహ అంటారు వాళ్లు. లేచాక ఒళ్లు తేలిగ్గా ఉంది, కిటికీలో ఎండ వచ్చింది, మధ్యలో ఏమీ గుర్తు లేదు. కాబట్టి హాయిగా పడుకున్నాననీ నాకేమీ తెలీలేదనీ లెక్క కట్టుకుంటాం, అంతే. ఛాందోగ్యం ఎనిమిదో అధ్యాయంలో ఇంద్రుడి ఫిర్యాదు ఇంకా ఘాటు. ప్రజాపతి దగ్గర 96 ఏళ్లు శిష్యరికం చేశాక గాఢనిద్రలో ఉన్నదే ఆత్మ అని విని ఇంటిదారి పట్టాడు. దారి మధ్యలో అనుమానం వచ్చింది. ఆ నిద్రలో వీడికి తానున్నానన్న సంగతే తెలీదే, ఇది ఉండటమా, పోవటమా? వెనక్కి వచ్చాడు. ఇంకో అయిదేళ్లు ఉండమన్నారు, మొత్తం 101. దేవతల రాజై ఉండి సిగ్గుపడకుండా నాలుగుసార్లు క్లాసులో చేరిన ఇంద్రుడంటే నాకు గౌరవం.

ఆ పొద్దున్న ఏడింటికి మా ఆవిడ సంచీలోంచి అన్నవరం ప్రసాదం తీసింది. ముందురోజు మా కోడలు కొండకి వెళ్లి తెచ్చింది, విస్తరాకులో పొట్లం, నెయ్యి ఆకు దాకా దిగి ఉంది. చిటికెడు నోట్లో వేసుకోమంది. సిస్టరు చూడనే చూసింది. "ఆంటీ, వద్దు."

"తిండి కాదమ్మా, ప్రసాదం."

"ప్రసాదమైనా లోపలికెళ్తే తిండే ఆంటీ. కళ్లకద్దుకోమనండి." ఆ అమ్మాయి మెళ్లో సన్నటి శిలువ ఉంది. కాసేపాగి, "నేనూ ప్రార్థన చేసుకుంటాలెండి అంకుల్ కోసం," అంది. మా ఆవిడ పొట్లం మూసేసింది. కోపం పోయినట్టే ఉంది.

ఏకాదశి ఉపవాసాలు చాలా చేశాను. ఇది వేరు. అక్కడ ఆకలిని ఓర్చుకోవడం పుణ్యం. ఇక్కడ ఓర్పుతో ఎవరికీ పనిలేదు, పొట్ట ఖాళీగా ఉంటే చాలు. మత్తులో మింగే శక్తి, దగ్గే శక్తి పోతాయి. కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికొస్తుంది. శస్త్రకర్మకి ముందు రోగికి అన్నం పెట్టమన్న సుశ్రుతుడు కూడా కడుపు కోతల దగ్గరికి వచ్చేసరికి తినిపించవద్దన్నాడు. నెయ్యి ఉన్నది మరీ ఆలస్యంగా అరుగుతుంది. సత్యనారాయణస్వామికి ఆ సంగతి తెలీకుండా ఉంటుందా.

తరవాత వార్డు బాయ్ వచ్చి ఒక్కొక్కటే తీయించాడు. కళ్లజోడు. వాచీ. కింద రెండు కట్టుడు పళ్లు, నీళ్ల గ్లాసులోకి. ఉంగరం రాలేదు, సబ్బు నురగ పెట్టి తిప్పితే వచ్చింది. చొక్కా, పంచె పోయి వెనక ముళ్లు వేసే ఆకుపచ్చ గౌను వచ్చింది. పంతులుగారు నేతి నేతి, ఇది కాదు ఇది కాదు, అని రెండేళ్లు చెప్పింది ఈ కుర్రాడు పది నిమిషాల్లో చేయించాడు. చివరికి మొలతాడు దగ్గర ఆగాం. నల్లతాడు, చిన్న వెండి తాయెత్తు. కరెంటుతో రక్తం ఆపే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదం ఉంది, పైగా కోత పెట్టేదే పొట్ట మీద. నాకన్నీ అర్థమయ్యాయి. కానీ మగవాడి మొలతాడు తెంచేది పాడె మీదేనని మా అమ్మ అనేది. పాతది చివికితే కొత్తది కట్టాకే పాతది తీసేది. మా ఆవిడ ముఖం చూశాను. ఆవిడ గోడ వైపు చూస్తోంది. "తెంచొద్దు బాబూ, ముడి విప్పు," అన్నాను. అరవయ్యెనిమిదేళ్లవాడి చెమటకి ముడి రాయిలా బిగిసింది. ఆ కుర్రాడు కత్తెర జేబులో ఉండి కూడా, మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో అయిదు నిమిషాలు తంటాలు పడి విప్పాడు. విప్పి కాగితంలో చుట్టి మా ఆవిడ చేతికిచ్చాడు. ఆ రోజు నాకు జరిగిన ఉపకారాల్లో సర్జనుగారిది పెద్దదే. ఇదీ చిన్నది కాదు.

సంతకాల సంగతి అంత బాగా జరగలేదు. అంగీకార పత్రం రెండు పేజీలూ ఇంగ్లీషు, అచ్చు చీమ తలకాయంత, నా కళ్లజోడు అప్పటికే సంచీలోకి పోయింది. "ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి," అని పెన్ను చేతికిచ్చారు. చూడకుండా చార్జి తీసుకున్న స్టేషన్ మాస్టర్ల గతి నాకు తెలుసు. కళ్లజోడు తెప్పించుకుని చదివాను, వెనక ఇంకో పేషంటు ఉన్నాడని విసుక్కున్నారు. చిల్లులతో కుదరకపోతే పెద్ద కోత పెడతారని, రక్తం ఎక్కించాల్సి రావచ్చని, పైత్యనాళానికి దెబ్బ తగలొచ్చని ఉంది. సర్జనుగారు ఇవన్నీ తెలుగులో ముందే చెప్పారు కాబట్టి సంతకం పెట్టాను. చెప్పకపోయుంటే? ఏం చేస్తున్నారో, వేరే దారేముందో, ప్రమాదమేమిటో రోగికి అర్థమయ్యేట్టు చెప్పి తీసుకున్నదే అంగీకారమని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. పెన్ను అందించే చేతులకి ఆ తీర్పు ఇంకా అందినట్టు లేదు.

ఎనిమిదింటికి మొదటి కేసు మీదే అన్నారు. ఎవరో కుర్రాడికి అపెండిక్స్ పగిలిందని వాణ్ణి ముందు తీసుకెళ్లారు. పదీ నలభైకి స్ట్రెచరు వచ్చింది. పడుకుని వెళ్తుంటే ఆసుపత్రి అంతా సీలింగే. ట్యూబులైట్లు, ఫ్యాన్లు, తడి మరక, మళ్లీ ట్యూబులైట్లు. థియేటరు తలుపు దగ్గర మా ఆవిడ చెయ్యి వదిలింది.

వైష్ణవుల్లో ఒక పాత తగువుంది. భగవంతుణ్ణి జీవుడు కోతిపిల్లలా పట్టుకోవాలా, పిల్లికూనలా వదిలేసుకోవాలా అని. తల్లికోతి గెంతుతుంటే పిల్ల తానే కరుచుకుని ఉంటుంది. పిల్లికూన ఏమీ చెయ్యదు, తల్లి మెడ పట్టి ఎత్తుకుపోతుంది. ఆ తలుపు దాకా నేను కోతిపిల్లనే: ఉపవాసం చేశాను, మాత్ర వేసుకున్నాను, కాగితం చదివాను, పేరు చెప్పాను. తలుపు దాటాక మిగిలింది పిల్లికూన బతుకు. ఏది గొప్పో నాకు తెలీదు గానీ రెండూ ఒకే పొద్దున్న ఒకే మనిషికి అవసరమవుతాయి.

లోపల చలి. బల్ల ఇంత సన్నగా ఉంటుందనుకోలేదు, మా వెయిటింగ్ హాల్లో బెంచీ కాస్త నయం. ఛాతీకి స్టిక్కర్లు, చేతికి బీపీ పట్టా, వేలికి క్లిప్పు. నా గుండె నాకు కూతలాగ వినబడటం మొదలైంది. ముఖం మీద మాస్కు, కొత్త ప్లాస్టిక్ వాసన. నీళ్లలాంటి మందేదో ఎక్కించారు. తరవాత సిరంజిలో పాలలాంటిది. "చెయ్యి కాస్త మండుతుంది మాస్టారూ. మంచి విషయమేదైనా తలుచుకోండి." నేను ముందే అనుకున్నాను, మెలకువకీ నిద్రకీ మధ్య ఉండే సందుని కళ్లు విప్పుకుని చూడాలని. ఓంకారం పెట్టుకుందామనుకున్నాను. చెయ్యి మండింది. సీలింగు మీద ఏసీ గాలి వచ్చేచోట ఎవరో కట్టిన చిన్న దారం రెపరెపలాడుతోంది.

"కళ్లు తెరవండి. అంకుల్, కళ్లు తెరవండి."

"ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అన్నాను.

"అయిపోయింది అంకుల్."

గోడ మీద గడియారం పన్నెండూ ఇరవయ్యయిదు. పిలిచింది పొద్దున్న ప్రార్థన చేసుకుంటానన్న సిస్టరే. గొంతు గరగర, అది ట్యూబు వేసినందుకు. వణుకు, దానికి దుప్పటి మీద దుప్పటి. విచిత్రంగా భుజం నొప్పి. పొట్టని ఉబ్బించడానికి నింపిన గ్యాసు కాస్త మిగిలి అలా పైకి లాగుతుందట, రెండ్రోజుల్లో పోయింది. దాహం మాత్రం చెప్పలేను. సాయంత్రం అయిదింటికి ఇచ్చిన చెంచాడు నీళ్లు నా జీవితంలోకెల్లా మంచి నీళ్లు. అప్పటికి నడిపించారు కూడా.

కానీ ముందు ఆ సిస్టరు చెప్పింది వినాలి. "ఇప్పుడు లేవడమేంటి అంకుల్, థియేటర్లోనే కళ్లు తెరిచారుగా. పేరు అడిగితే చెప్పారు. చెయ్యి నొక్కమంటే నొక్కారు. బండి వెళ్లిపోయిందా అని కూడా అడిగారు."

"ఏ బండి?"

"నాకేం తెలుసు? వెళ్లిపోయిందని డాక్టరుగారు చెప్పారు. సరేనని మళ్లీ పడుకున్నారు."

బృహదారణ్యకంలో కాశీరాజు అజాతశత్రువు, బాలాకి అనే గర్విష్ఠి పండితుణ్ణి చెయ్యి పట్టుకుని నిద్రపోతున్న ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్తాడు. పెద్ద పెద్ద పేర్లు పెట్టి పిలిస్తే వాడు లేవడు. చేత్తో తట్టి కదిపితే లేస్తాడు. అప్పుడు రాజు అడుగుతాడు, ఇంతసేపూ ఇతను ఎక్కడున్నాడు, ఇప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చాడు అని. బాలాకి దగ్గర జవాబు లేదు. మత్తు డాక్టరమ్మని నేనడిగింది అదే ప్రశ్న. అయితే రాజుగారి నిద్రమనిషి పేరుకి పలకలేదు. నేను పలికాను. పలికినవాణ్ణి నేను ఎరగను.

ఇక్కడ నా రెండేళ్ల మాండూక్యం చిక్కుల్లో పడింది. నిద్రకి ఒక మందం ఉంటుంది. లేచాక ఎంతసేపు పడుకున్నామో కాస్త తోస్తుంది, పక్క నలిగిన గుర్తు ఒంటికి ఉంటుంది. దీనికి అసలు మందమే లేదు. దారం రెపరెపలాడటం, కళ్లు తెరవమనడం, రెండు పట్టాలు సందు లేకుండా వెల్డింగు చేసినట్టు అతుక్కుని ఉన్నాయి. "హాయిగా పడుకున్నాను" అని అనలేను. "ఏమీ తెలీలేదు" అనడానికి కూడా గడియారం చూడాల్సి వచ్చింది. చూసి లెక్క కట్టుకున్నాను, న్యాయశాస్త్రం వాళ్లు చెప్పినట్టే. ఒక పాయింటు వాళ్లకి ఇచ్చేశాను.

కానీ బండి సంగతో? నా పేరు, నా వృత్తి, నా కంగారు, అన్నీ పట్టుకుని ఒకడు మాట్లాడాడు, చెప్పింది విని సమాధానపడ్డాడు కూడా. నాకు గుర్తు లేదు కాబట్టి నాకు తెలీలేదనడం కుదరదు. ఆ క్షణాన బండి వెళ్లిపోయిందని తెలిసి ఎవడికో నెమ్మది కలిగింది. ఆ నీళ్లలాంటి మందు పని జ్ఞాపకం పడనీకుండా చెయ్యడమేనని తరవాత తెలిసింది. కండలు సడలించే మందు ఇచ్చేముందు ఒక ముంజేతిని బిగించి, ఆ మందు అక్కడికి చేరకుండా ఆపి, మత్తులో ఉన్నవాణ్ణి చెయ్యి నొక్కమని అడిగే పరీక్ష ఒకటుంది. కొందరు నొక్కుతారు, లేచాక వాళ్లకేమీ గుర్తుండదు. అంటే గుర్తులేకపోవడాన్ని బట్టి తెలియకపోవడాన్ని లెక్క కట్టే న్యాయశాస్త్రం వాళ్ల పాయింటూ వెనక్కి తీసుకోవాలి. జ్ఞాపకాన్ని ఆధారం చేసుకుని సాక్షి ఉన్నాడన్నవాళ్లూ, లేడన్నవాళ్లూ ఇద్దరూ ఒకే తాడు పట్టుకుని లాగుతున్నారు. ఆ తాడు ఒక సిరంజి మందుకి తెగిపోతుంది.

మర్నాడు పొద్దున్న డాక్టరమ్మ రౌండుకి వచ్చినప్పుడు, నేను లేని గంటన్నర కాగితం చూపిస్తారా అని అడిగాను. ఎవరూ అడగరేమో, ఒక క్షణం ఆగింది. తరవాత ఫైలు తెరిచి మంచం అంచున పెట్టింది. గళ్ల కాగితం. పైన అడ్డంగా టైము, అయిదేసి నిమిషాలకి ఒక గడి. ప్రతి గడిలో కింది వైపు మొనతో ఒకటి, పై వైపు మొనతో ఒకటి, బాణం తలల్లాంటి గుర్తులు, అవి బీపీ. మధ్యలో చుక్క, అది నాడి. నీలం ఇంకు, ఒకే చేతిరాత, ఒక్క గడీ ఖాళీ లేదు. మా ట్రైన్ సిగ్నల్ రిజిస్టరు గుర్తొచ్చింది. రాత్రి మూడింటికి ఊరంతా పడుకుని ఉంటే ఏ బండి ఎన్నింటికి ఏ లైన్లోంచి పోయిందో నిమిషంతో సహా రాసి పెట్టేది అదే.

"ఇక్కడ కోత పెట్టారు," అని చుక్క మీద గోరు పెట్టింది. "నాడి 70 నుంచి 96కి లేచింది చూడండి. మందు కాస్త పెంచాను. ఇక్కడ గ్యాసు నింపుతుంటే ఒక్కసారి 42కి పడిపోయింది. గ్యాసు ఆపమన్నాను, వేరే మందిచ్చాను. రెండు నిమిషాల్లో లేచింది."

"పడిపోతే ఏమవుతుంది?"

"పడనివ్వలేదుగా," అంది.

కోతకి నాడి లేచిందంటే నొప్పి ఎవరికి తెలిసింది? నాకు తెలీదు, ఒంటికి తెలిసింది. 42 దగ్గర నేను దాదాపు ఒక అంచున ఉన్నాను, ఆ సంగతి ప్రపంచంలో తెలిసింది నాకు తప్ప ఆ గదిలో అందరికీ. మా పంతులుగారు చెప్పిన లక్షణాలన్నీ ఉన్నాయి: నేను పడుకున్నా తాను పడుకోలేదు, నా సుఖదుఃఖాలు తనకి అంటలేదు, అన్నీ చూసింది. కాకపోతే ఆ సాక్షి నా లోపల లేదు. నా తల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. మధ్యలో టీ తాగిందేమో కూడా. ఇంకో తేడా ఏమిటంటే, ఉపనిషత్తు సాక్షి చూస్తుంది, అంతవరకే. ఈవిడ గ్యాసు ఆపమంది.

ఇంటికొచ్చాక ఈ మత్తు చరిత్ర చదివాను. బోస్టన్‌లో 1846 అక్టోబరు 16న ఈథరుతో అందరి ముందూ ఆపరేషను చేశారు. మరుసటి ఏడు క్లోరోఫారం వచ్చింది. క్లోరోఫారంతో మనుషులు బల్ల మీదే పోతుంటే, నాడిని కనిపెట్టి ఉండాలా, శ్వాసనా అని పెద్ద తగువు. ఆ తగువు తీర్చడానికి కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాదులో, 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ నడిపాడు, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు పెట్టుకున్నాడు, రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలకొద్దీ జంతువుల మీద చూసి, శ్వాస ముందు ఆగుతుంది, గుండె తరవాత, కాబట్టి శ్వాసనే చూడమన్నారు. ఇంద్రియాలన్నీ నేను గొప్పంటే నేను గొప్పని పోట్లాడుకుని చివరికి ప్రాణవాయువుకి దండం పెట్టిన ఉపనిషత్తు కథ వాళ్లెవరికైనా తెలుసో లేదో. పాపం, కమిషను మాట పూర్తిగా నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన క్లోరోఫారం నేరుగా గుండెనే ఆపగలదని చూపించాడు. కమిషను రోజుల్లోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి క్లోరోఫారం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలంటారు. నా తల దగ్గర స్టూలుకి అంత వంశం ఉంది.

మూడో ఆదివారం పాఠానికి వెళ్లాను, కొత్త మొలతాడుతో. రాళ్ల సీసా జేబులో వేసుకెళ్లాను, పదకొండు, గోధుమరంగు, అందరూ చూశారు. తరవాత నా గొడవంతా చెప్పాను. పంతులుగారు ఓపిగ్గా విన్నారు. జ్ఞాపకం మనసుది, మందు పడింది మనసుకి. సాక్షికి మనసుతో పనిలేదు, మందూ పడదు అన్నారు. అది శాస్త్రంలో ఉన్న మాటే, కొట్టెయ్యలేను. కానీ యాక్సిడెంటు ఎంక్వైరీల్లో నేను కూర్చున్నాను. అక్కడున్నాడు గానీ ఏ ప్రశ్నకీ జవాబు చెప్పడనే మనిషిని ఎవరూ సాక్షిగా రాసుకోరండీ, రిజిస్టరు తెమ్మంటారు అన్నాను. ఆత్మ లేదనలేదు. దానికి నేను ఆనించిన కర్ర విరిగిందన్నాను. కర్ర లేకుండా నిలబడేదైతే నిలబడుతుంది. ఇంద్రుడిలా ఇంకో అయిదేళ్లు క్లాసుకి రావడానికి నాకు అభ్యంతరం లేదు. పంతులుగారు కళ్లజోడు తీశారు గానీ తుడుచుకోలేదు.

అందరూ వెళ్లాక గుమ్మం దగ్గర ఆపి గొంతు తగ్గించారు. ఆయనకి వరిబీజమట, ఆర్నెల్లుగా వాయిదా వేస్తున్నారట. "పొద్దున్న కాఫీ కూడా ఇవ్వరా?"

"పాలు కలిపితే ఆరు గంటల ముందే ఆపెయ్యాలి. ఒట్టి డికాక్షనైతే రెండు గంటల ముందుదాకా పర్లేదంటారు. ముందు వాళ్లనడగండి."

"ఒట్టి డికాక్షనా," అని కాసేపు ఊరుకున్నారు. "జంధ్యం?"

"అడగండి. ముడి విప్పే కుర్రాడు ఒకడున్నాడు."

"ఆ మత్తు డాక్టరమ్మ దగ్గరికే వెళ్తాను. పేరేమిటన్నారు ఆవిడది?"

నోరు తెరిచాను. ఇంటికొచ్చి ఫైలంతా తిరగేశాను. డిశ్చార్జి కాగితంలో సర్జనుగారి పేరుంది, డిగ్రీలతో సహా. ఆవిడది లేదు. మా ఆవిణ్ణి అడిగాను.

"ఎవరూ," అంది, "గురక గురించి అడిగిందీ, ఆవిడేనా?"